గద్దర్ పాటల సేకరణ: క్యాసెట్ మీద పేరెవరిది?

గద్దర్ పాటలన్నిటినీ ఒకచోటికి చేర్చాలన్న మాట మళ్లీ పైకొచ్చింది. దాంతోపాటే ఏ పాట ఎవరిదన్న పాత గొడవ కూడా వచ్చింది. 2023 ఆగస్టు 6న ఆయన పోయిన తర్వాత వరంగల్, కరీంనగర్ వైపు ఇళ్లల్లో అటకల మీద ఉన్న క్యాసెట్లు ఒక్కొక్కటే యూట్యూబ్‌కు ఎక్కుతున్నాయి. ఎక్కించేవాళ్లు చాలావరకు అన్నిటికీ ఒకే పేరు పెడుతున్నారు. ఆ పాటలు రాసినవాళ్ల మనుషులకు, పక్కన నిలబడి కోరస్ అందుకున్నవాళ్లకు, అరుణోదయ అనే మరో విప్లవ సాంస్కృతిక సంస్థ బృందాల్లో తిరిగినవాళ్లకు ఇది కష్టంగా ఉంది.

గద్దర్ పాడిన విప్లవ పాటల బృందం జన నాట్యమండలి ఎట్లా పుట్టింది, గుమ్మడి విఠల్‌రావు గద్దర్ ఎట్లా అయ్యాడు, 1997 కాల్పులు, వెన్నులో మిగిలిన తూటా, ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే చూడాల్సింది 1990.

కారంచేడులో దళితుల ఊచకోత తర్వాత 1985లో అజ్ఞాతంలోకి పోయిన గద్దర్ 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చాడు. చెన్నారెడ్డి ప్రభుత్వం అప్పుడు నక్సలైట్ సంఘాలకు కొంత సడలింపు ఇచ్చింది. ఆ మే నెలలో వరంగల్‌లో రైతుకూలీ సంఘం మహాసభ జరిగింది. లక్షల మంది వచ్చారు. నా లెక్కలో పాటల కథ మలుపు తిరిగింది అక్కడే. అప్పటిదాకా మండలి పేరు ముందుండేది, మనిషి పేరు వెనకుండేది. ఐదేళ్లు కనబడని మనిషి గొంగడి, గజ్జెలతో వేదిక ఎక్కేసరికి జనానికి ఆ గొంతే మండలి అయిపోయింది. సభలో టేప్‌రికార్డర్ పట్టుకున్నవాళ్లు పాటను రికార్డు చేసుకున్నారు గానీ, అది ఎవరు రాశారో ఎవరూ రాసుకోలేదు.

తర్వాత ఆ క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్‌కు, దాని నుంచి మరో దానికి డబ్బింగ్ జరిగింది. ఒక్కో కాపీకి గరగర పెరుగుతుంది, కోరస్ గొంతులు వెనక్కి పోతాయి, మైకుకు దగ్గరున్న గొంతు ఒక్కటే నిలబడుతుంది. లేబుల్ మీద పెన్నుతో రాసింది కూడా ఆ ఒక్క పేరే. 1992 మేలో, మండలి వెనకున్న నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చాక ఆ లేబుళ్లు కూడా చింపేశారు. ఇంట్లో అలాంటి క్యాసెట్ ఉండటమే టెన్షన్. ఇవాళ దొరుకుతున్న వాటి మీద తేదీ, ఊరు, పాడినవాళ్ల వివరాలు లేకపోవడానికి అసలు కారణాలు ఈ రెండే, డబ్బింగూ భయమూ. దీన్ని సేకరించేవాళ్ల నిర్లక్ష్యం అనలేం. కానీ ఆ ఖాళీని ఒక్క పేరుతో నింపేయడం మాత్రం ఇప్పటివాళ్లు చేస్తున్న పనే.

దాని ఫలితం చూడండి. 'ఊరు మనదిరా' రాసింది గూడ అంజయ్య, ఆదిలాబాద్ జిల్లా లింగాపురం మనిషి. 'కొండలు పగలేసినం' విప్లవ కవి చెరబండరాజుది. 'మాభూమి' సినిమాలో గద్దర్ పాడగా ఊరూరికీ చేరిన 'బండెనక బండి కట్టి' బండి యాదగిరి పేరు మీద ఉన్న పాట, తెలంగాణ సాయుధ పోరాట కాలం నాటిది. ఈ మూడింటినీ గద్దర్ రాశాడనుకునేవాళ్లు ఇప్పటికీ ఎంతమందో. సినిమాకు రాసిన పాట విషయంలో ఈ అయోమయం ఉండదు. 'ఒరేయ్ రిక్షా'లో చెల్లెలి పాటకు నంది అవార్డు ప్రకటిస్తే గద్దర్ వద్దన్నాడు. ఆ పాట ఎవరిదో ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే తెర మీద పేరు పడింది.

అరుణోదయ విషయం ఇంకా చిక్కు. 1974లో మొదలైన ఆ సంస్థది వేరే విప్లవ పార్టీ దారి. పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్న రోజుల్లో కూడా పాటలు ఇటు నుంచి అటు పోతూనే ఉన్నాయి. పార్టీ చీలికలతో ఆ పేరుతోనే రెండు బృందాలయ్యాయి. ఒకటి రామారావు నడిపింది, ఇంకొకటి విమలక్క నడిపింది. కాబట్టి క్యాసెట్ మీద 'అరుణోదయ' అని ఉన్నా ఏ అరుణోదయ అని అడగాల్సిందే. 2002లో కామారెడ్డిలో తెలంగాణ ఉద్యమ పాటల సభ ధూంధాం మొదలయ్యాక అన్ని బృందాల పాటలూ ఒకే వేదిక మీదికొచ్చాయి. ఆ ఏళ్ల రికార్డింగులను విడదీయడం మరీ కష్టం. రామారావు 2019లో పోయారు, అంజయ్య 2016లోనే పోయారు. విని ఇది ఫలానావాళ్ల గొంతు అని చెప్పగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు.

గద్దర్ అభిమానులు చెప్పేదీ ఉంది. ఆ పాటలకు బాణీలు ఒగ్గుకథ నుంచి, బుర్రకథ నుంచి, లంబాడా పాటల నుంచి వచ్చాయి, జనం సొత్తుకు ఓనర్ ఎవరని వాళ్లు అడుగుతారు. ఆయన గొంతు లేకపోతే ఆ పాటలు ఇంత దూరం వచ్చేవి కావంటారు. ఆ రెండో మాట నిజమే. అయితే బాణీ జనానిదైనా మాటలు రాసిన మనిషి ఉన్నాడు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. 1982లో పోయిన చెరబండరాజు రచనలకు 2042 చివరిదాకా, అంజయ్య పాటలకు 2076 చివరిదాకా అన్నమాట. పాడినవాళ్లకు మాత్రం చట్టంలో విడిగా హక్కు వచ్చింది 1994 సవరణతోనే, అది అమల్లోకి వచ్చింది 1995 మేలో. 1990 నాటి కోరస్ గొంతులకు అప్పట్లో ఆ రక్షణ లేదు.

పాటలు రాసినవాళ్ల మనుషులు, కోరస్ పాడినవాళ్లు డబ్బులు అడగడం లేదు. వీడియో కింద పాట రాసినవాళ్ల పేరు, పాడిన బృందం పేరు, తెలిస్తే ఊరు, ఏడాది రాయమంటున్నారు. తెలియకపోతే తెలియదని రాయమంటున్నారు. ఎక్కించే ముందు ఆ పాత బృందాల్లో మిగిలినవాళ్లకు ఒకసారి వినిపించమంటున్నారు.