బ్లూబెర్రీ మఫిన్‌లో ఆకుపచ్చ మచ్చలు ఎందుకొస్తాయి

ఇంట్లో చేసిన బ్లూబెర్రీ మఫిన్‌ని మధ్యకి విరిచి చూస్తే ఒక్కోసారి పండు చుట్టూ ఆకుపచ్చగా ఒక రింగు కనపడుతుంది, అది చూసి బూజు పట్టిందేమో అని ట్రే ట్రే పారేసేవాళ్ళున్నారు. దయచేసి పారేయకండి, అది బూజు కాదు, హాయిగా తినొచ్చు. బ్యాటర్‌లో సోడా ఎక్కువైంది లేదా దానికి సరిపడా పులుపు పడలేదు, అంతే.

బ్లూబెర్రీ తొక్కలో ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలుంటాయి, మన నేరేడు పండు తింటే నాలుక ఊదాగా అయ్యేది కూడా వీటి వల్లే. వీటి రంగు ఎప్పుడూ ఒకేలా ఉండదు. పులుపు ఎక్కువున్న చోట ఎర్రగా, పులుపు తగ్గేకొద్దీ ఊదాగా, క్షారం వైపు వెళ్తే నీలంగా మారతాయి, ఇంకా ముందుకెళ్తే కొంత రంగు పసుపు రూపంలోకి మారిపోయి ఆ నీలమూ ఈ పసుపూ కలిసి మన కంటికి ఆకుపచ్చ కనపడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి వచ్చినట్టే అన్నమాట, అక్కడ పదార్థం వేరు కానీ క్షారం తగలగానే రంగు మారడం మాత్రం ఒకటే.

మరి మఫిన్‌లోకి క్షారం ఎక్కణ్ణుంచి వస్తుంది అంటే వంటసోడా నుంచే. సోడాకి పెరుగో మజ్జిగో నిమ్మరసమో తగిలితే కార్బన్ డయాక్సైడ్ బుడగలొచ్చి బ్యాటర్ పొంగుతుంది, సోడా కూడా అందులోనే ఖర్చయిపోతుంది. పులుపు చాలకపోతే మిగిలిన సోడా ఓవెన్ వేడికి విడిపోయి సోడియం కార్బొనేట్ అవుతుంది, ఇది సోడా కంటే ఘాటైన క్షారం, ఆ సబ్బు రుచి వచ్చేది దీనివల్లే, పండు రంగు మార్చేది కూడా ఇదే. అమెరికన్ వంటవాళ్ళు సాధారణంగా చెప్పే లెక్క ఒక కప్పు మజ్జిగకి అర టీస్పూన్ సోడా. నా సలహా ఏంటంటే ఇంట్లో బాగా పులిసిన పెరుగుంటే అదే వాడండి, లేదంటే సోడా మానేసి బేకింగ్ పౌడర్ వేయండి, అందులో సోడాతో పాటు దానికి సరిపడా ఆమ్లం కూడా పొడి రూపంలో ముందే కలిపి ఉంటుంది కాబట్టి ఆకుపచ్చ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇంకో విశేషం, ఈ పండుకి పులుపు మట్టిలోనే కావాలి. బ్లూబెర్రీ మొక్క పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉన్న ఆమ్ల నేలలోనే బాగా పెరుగుతుంది, ఇది తెలియక అమెరికాలో ఎంతోమంది మంచి ఎరువేసిన పొలాల్లో నాటి మొక్కల్ని చంపుకున్నారు. అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ ఓపిగ్గా ప్రయోగాలు చేసి ఈ సంగతి 1910లో ప్రచురించాడు. అది చదివిన ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, న్యూజెర్సీలో వైట్స్‌బాగ్ దగ్గర వాళ్ళ నాన్నకి క్రాన్‌బెర్రీ తోటలుండేవి, మీ ప్రయోగాలకి మా నేల ఉంది రండి అని కోవిల్‌కి రాసింది. అప్పటికి బ్లూబెర్రీ అంటే అడవిలో దొరికేదే. చుట్టుపక్కల అడవులు బాగా తెలిసినవాళ్ళకి ఆవిడ 5/8 అంగుళం చిల్లున్న కొలత పలకలిచ్చి, అందులో పట్టనంత పెద్ద పండ్లు కాసే పొద చూపిస్తే డబ్బులిస్తానంది, దొరికిన పొదలకి చూపించినవాళ్ళ పేర్లే పెట్టింది, రూబ్ లీక్ అనే ఆయన చూపించిన పొదే ఇవాళ్టికీ సాగులో ఉన్న రూబెల్ రకం. 1916లో మొదటి పంట మార్కెట్‌కి వెళ్ళింది. ఇప్పుడు న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళు జూన్, జూలైల్లో పిల్లల్ని తీసుకుని హామంటన్ వైపు బ్లూబెర్రీలు కోసుకోడానికి వెళ్తుంటారు కదా, ఆ తోటల వెనక కథ ఇదే, శాస్త్రవేత్తతో పాటు ఆ అడవి తెలిసినవాళ్ళకి కూడా అందులో సమాన భాగం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే పండు పెద్దదైతే మఫిన్‌లో ఒక చిక్కుంది, అడుక్కి దిగిపోతుంది. చిక్కటి ద్రవంలో మునిగే గుండ్రటి వస్తువు రెండింతలు లావుగా ఉంటే నాలుగింతలు వేగంగా దిగుతుంది, పైగా ఓవెన్‌లో పెట్టగానే వెన్న కరిగి బ్యాటర్ ముందు పల్చబడుతుంది, తర్వాతే పిండి ఉడికి గుడ్డు గట్టిపడి పండుని పట్టుకుంటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో దొరికే చిన్న అడవి బ్లూబెర్రీలు అంత తొందరగా మునగవు. పెద్దవి వాడేటప్పుడు పండ్లకి మైదా అద్దడం మీదే ఆధారపడొద్దు, బ్యాటర్‌ని గరిటె నుంచి ముద్దగా జారేంత చిక్కగా ఉంచుకోవడమే అసలు పని.

చిక్కగా ఉంది కదా అని తెగ కలపకూడదు కూడా. మైదాలోని ప్రోటీన్లు తడి తగిలి, కలిపేకొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుని గ్లూటెన్ వల అల్లుకుంటాయి, బ్రెడ్‌కి అది కావాలి, మఫిన్‌కి వద్దు, ఎక్కువైతే సాగినట్టు అయ్యి లోపల పొడుగ్గా సొరంగాలు పడతాయి. పొడి మైదా కనపడకుండా పోగానే ఆపేయండి, ఉండలుంటే ఉండనీయండి.

ఫ్రోజెన్ పండ్లయితే కరిగించకుండా నేరుగా చివర్లో వేసి రెండు మూడు సార్లు మడిచినట్టు కలిపి ఆపేయాలి, ఎందుకంటే గడ్డకట్టినప్పుడు లోపలి మంచు పలుకులు కణాల గోడల్ని చీల్చేసి ఉంటాయి, కరిగితే రసం మొత్తం బయటికొచ్చి, సోడా ఎక్కువున్న బ్యాటర్‌లో కలిస్తే ఒక్క రింగు కాదు మఫిన్ మొత్తం ఆకుపచ్చ చారలు పడుతుంది.