విశాఖ కొండల రెండో సగం అంటార్కిటికాలో ఉంది

విశాఖలో కొండ తవ్వకాలపై వివాదం రేగినప్పుడల్లా అవే ప్రశ్నలు వస్తాయి. అనుమతులు ఉన్నాయా, చెట్లు ఎన్ని పోయాయి, తీర ప్రాంత నిబంధనలు ఏమంటున్నాయి? రుషికొండ వ్యవహారం కోర్టుల దాకా వెళ్ళినప్పుడూ చర్చ వీటి చుట్టూనే తిరిగింది. ఇవన్నీ అడగవలసినవే. అయితే తవ్వుతున్నది ఏ రాయి, అది ఇక్కడికి ఎలా చేరింది అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఈ కథనం ఆ మాట కోసం.

కైలాసగిరి ఎక్కే దారిలో, రోడ్డు కోసం కొండను కోసిన చోట ఒక్క నిమిషం ఆగి చూడండి. రాతి నిండా చారలు. అవి తిన్నగా ఉండవు, తడి చీరను పిండినట్టు మెలికలు తిరిగి ఉంటాయి. చారల మధ్య ఉలవగింజంత, శనగగింజంత ఎర్రటి గార్నెట్లు పొదిగి ఉంటాయి. సన్నని నూలుపోగుల్లా తెల్లగా కనిపించేది సిలిమనైట్ అనే ఖనిజం. కొన్నిచోట్ల మెరిసే బూడిదరంగు రేకులు ఉంటాయి. వేలితో రుద్దితే పెన్సిల్ ముల్లు మసిలా అంటుకుంటుంది, అది గ్రాఫైట్. ఈ రాయి పేరు ఖోండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీదుగా దీనికి ఆ పేరు పెట్టాడు. కోణార్క సూర్యదేవాలయం కట్టింది ప్రధానంగా ఈ రాతితోనే.

ఖోండలైట్ పుట్టుకతో కొండరాయి కాదు. అది ఒకప్పటి సముద్రపు బురద. ఏదో ప్రాచీన సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక భూమి లోపలికి కూరుకుపోయి, కాగి, నలిగి ఇలా మారాయి. గ్రాఫైట్‌లోని కార్బన్ ఆ నీటిలో బతికిన సూక్ష్మజీవుల అవశేషమే అయి ఉండవచ్చు.

కాగడం అంటే మామూలుగా కాదు. పాడేరు దగ్గర దొరికే కొన్ని రాళ్ళలో సఫిరిన్ అనే నీలి ఖనిజం క్వార్ట్జ్‌తో కలిసి కనిపిస్తుంది. ఆ రెండూ పక్కపక్కన ఏర్పడాలంటే వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటాలి. రాళ్ళు మోసిన ఒత్తిడిని లెక్కగడితే లోతు దాదాపు పాతిక ముప్ఫై కిలోమీటర్లు. సుమారు 100 కోట్ల ఏళ్ళ క్రితం మన తూర్పు అంచు, తూర్పు అంటార్కిటికా ఒకదాన్నొకటి గుద్దుకున్నప్పటి సంగతి ఇది. అప్పుడు ఇక్కడ హిమాలయాల వంటి శ్రేణి లేచి ఉండాలి. ఇప్పుడు మనం ఎక్కేది ఆ శ్రేణి శిఖరం కాదు, దాని వేళ్ళు. పైనున్న పాతిక కిలోమీటర్ల రాయిని ఎండ, వాన, నదులు తినేశాయి.

అలా గుద్దుకుని ఒక్కటైన నేల రెండో సగం ఎక్కడుందంటే, మంచు కింద. అంటార్కిటికా తీరంలో ఆస్ట్రేలియా 1954లో కట్టిన మాసన్ పరిశోధనా కేంద్రం చార్నోకైట్ అనే రాతి మీద నిలబడి ఉంది. తూర్పు కనుమల్లో ఖోండలైట్‌కు తోడుగా ఉండే నల్లని గట్టి రాయి కూడా చార్నోకైటే. రెండు చోట్లా వయసు, వేడి, ఒత్తిడి కలుస్తాయి. 2012లో మన దేశం ప్రారంభించిన భారతి కేంద్రం ఉన్న లార్సెమాన్ కొండలు కూడా ఒకప్పుడు మన తూర్పు తీరానికి పొరుగునే ఉండేవి. ఆ చోటును ఎంచుకోవడానికి ఈ పాత బంధుత్వం కూడా ఒక కారణం.

భారత్, అంటార్కిటికా ఒకప్పుడు కలిసి ఉన్న దక్షిణ మహాఖండానికి గోండ్వానా అనే పేరు గోండుల నేల నుంచి వచ్చింది. గోండీ, ఖోండుల కుయి, తెలుగు ఒకే ద్రావిడ శాఖ భాషలు. ప్రపంచ భూగర్భ శాస్త్రం రోజూ పలికే గోండ్వానా, ఖోండలైట్ అనే రెండు పేర్లు మన అక్కచెల్లెళ్ళ ఇళ్ళవి. ఇది మన పాఠ్యపుస్తకాల్లో పెద్ద అక్షరాలతో ఉండాల్సిన సంగతి.

ఖండాలు కదులుతాయన్న ఆలోచనను జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912 జనవరిలో సభ ముందు పెట్టాడు. మరుసటి నెలలోనే, దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చావుకు దగ్గరపడిన బ్రిటిష్ అన్వేషకుడు రాబర్ట్ స్కాట్ బృందం అంటార్కిటికాలో గ్లాసోప్టెరిస్ అనే మొక్క శిలాజాలను ఏరుకుంది. నడవలేని స్థితిలోనూ పదిహేను కిలోలకు పైగా ఉన్న ఆ రాళ్ళను వాళ్ళు వదిలిపెట్టలేదు. తరువాత మృతదేహాల దగ్గర అవి దొరికాయి. మన సింగరేణి బొగ్గు ఆ జాతి మొక్కల అడవుల నుంచి వచ్చిందే, అంటే రెండు నేలలూ ఒకప్పుడు కలిసి ఉండేవన్నమాట. సాక్ష్యం అలా చేతికి అందినా వెగెనర్ మాట చెల్లలేదు. ఖండాన్ని నెట్టే బలం ఏదో ఆయన చూపలేకపోయాడు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. 1960లలో సముద్రం అడుగు అయస్కాంత చారలను చదివాకే లోకం ఒప్పుకుంది: నడిసముద్రపు చీలికల్లో కొత్త నేల పుడుతోంది, అగాధాల్లో పాత నేల మునుగుతోంది, ఖండాలు భూఫలకాలనే ఆ కదిలే పలకల మీద ప్రయాణిస్తున్నాయి.

విశాఖ కూడా ఆ రోజుల్లో ఊరికే కూర్చోలేదు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. మహదేవన్, అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ బంగాళాఖాతాన్ని కొలిచారు. తూర్పు తీరానికి ఎదురుగా, ఖండపు అంచు కిందికి దిగే వాలులో లోతైన లోయలు బయటపడ్డాయి. వాటిలో ఒకదానికి ఆంధ్ర అనీ, ఒకదానికి మహదేవన్ అనీ పేర్లు పెట్టారు.

గోండ్వానా చీలిక సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం మన తీరం పొడవునా సాగింది. మధ్యలో నీరు చేరింది. అదే బంగాళాఖాతం. తరువాత దాదాపు 9 కోట్ల ఏళ్ళ నాడు మడగాస్కర్ విడిపోయింది. 6.6 కోట్ల ఏళ్ళ నాడు దక్కన్ లావా పొంగింది, దాని ఆనవాళ్ళు రాజమహేంద్రవరం చుట్టుపక్కల నేటికీ ఉన్నాయి. ఆ కాలంలో మన భూఫలకం ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా పరుగెత్తింది. సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రితం ఆసియాను గుద్దుకున్నాక నెమ్మదించింది. ఇప్పటి వేగం దాదాపు 5 సెంటీమీటర్లు. విశాఖలో పుట్టిన మనిషి షష్టిపూర్తి చేసుకునే నాటికి ఊరు మూడు మీటర్లు ఈశాన్యంగా జరిగి ఉంటుంది. గుద్దుకున్న చోట లేచిన హిమాలయాల మట్టిని గంగ, బ్రహ్మపుత్ర మోసుకొచ్చి బంగాళాఖాతంలో పోస్తున్నాయి. కొన్నిచోట్ల ఆ మట్టి మందం పదిహేను కిలోమీటర్లు దాటుతుంది. చీలిక నాటి సముద్రపు నేల ఆ దుప్పటి కింద ఉండబట్టే దాన్ని చదవడం ఇంత కష్టం.

మన తీరం చిరిగిన అంచు, ఫలకం మునిగే చోటు కాదు. అందుకే ఇక్కడ అగ్నిపర్వతాల వరుస లేదు. మునిగే చోటు బంగాళాఖాతం ఆవలి ఒడ్డున, అండమాన్, సుమత్రాల దగ్గర ఉంది. 2004 డిసెంబర్ 26న అక్కడ పగిలితే రెండున్నర గంటల్లో అల ఇక్కడ తాకింది. అంచు లోపల కూడా పూర్తి నెమ్మది ఉండదు. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతం అడుగున 6.0 తీవ్రతతో వచ్చిన భూకంపానికి విశాఖలోనూ ఇళ్ళు కదిలాయి.

కొండ కథ ఒడ్డున ముగియదు. భీమిలి దగ్గర అల వెనక్కి తగ్గాక ఇసుక మీద నల్లని, ఎర్రని చారలు మిగులుతాయి. అవి ఖోండలైట్ అరిగి రాలిన ఇల్మనైట్ అనే నల్లని ఖనిజం, ఎర్రని గార్నెట్ రేణువులు. మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా దిగిపోయినప్పుడు అలాంటి ఇసుకే గాలికి ఎగిరి పేరుకుని, ఇనుము తుప్పుతో ఎర్రబడి ఎర్రమట్టి దిబ్బలైంది. వాటిని 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. ఎంతో సంతోషించాల్సిన విషయం. కానీ దిబ్బల వయసు వేల ఏళ్ళు, వాటికి ఇసుకనిచ్చిన కొండ వయసు కోట్ల ఏళ్ళు. పిల్లకు దక్కిన గౌరవం తల్లికి దక్కలేదు. కైలాసగిరి దారిలో ఒకటి, యారాడ కొండ మలుపులో ఒకటి, కనీసం రెండు కోతలనైనా సిమెంటు పూత పడకుండా, ఎవరూ తవ్వకుండా వదిలేయాలి. పక్కన తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. దాని మీద రాయి పేరు, వయసు, రెండో ముక్క ఉన్న చోటు రాస్తే చాలు.