ఆ ‘టక్’ ఎక్కడికి పోయింది?

“మావయ్యా, దీన్ని ఎన్నిసార్లు తిప్పి బిగించినా నాలుగడుగులు వేసేసరికి పక్కకి తిరిగిపోతోంది. నిన్నయితే ఊడి కిందే పడింది” అంటూ మా అక్క కొడుకు కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. లెన్స్‌తో పాటు వచ్చిన హుడ్, అంటే లెన్స్ ముందు తిప్పి బిగించే ప్లాస్టిక్ తొడుగు, ఎప్పుడో పోయింది. దాని బదులు ఇంకెవరో తయారుచేసింది కొన్నాడు. మొదటి రోజు తిప్పుతుంటే చెయ్యి నొప్పి పుట్టేంత బిగుతుగా ఉందట. నాలుగు నెలలు తిరక్కుండానే వదులైపోయింది. వాడికి ఇంకో అనుమానం కూడా ఉంది: “పొద్దున కాస్త పట్టుగానే ఉంటుంది, ఎండెక్కేసరికి లూజవుతుంది. ఇది నా భ్రమంటావా?”

భ్రమ కాదు. వాడికి తెలియకుండానే నాలుగైదు శాస్త్ర విషయాల్ని ఒక్క ప్లాస్టిక్ ముక్కలో పెట్టి తెచ్చిచ్చాడు. హుడ్ ఎందుకు పెట్టుకోవాలో, పక్కల నుంచి పడే వెలుగు బొమ్మని ఎలా వెలిసిపోయేలా చేస్తుందో ఇక్కడ చెప్పబోవడం లేదు; కెమెరా పట్టినవాళ్ళకి అది తెలిసిందే. నన్ను పట్టుకున్నది చివర్లో వినిపించాల్సిన ‘టక్’మనే చప్పుడు. వాడి హుడ్‌లో అది లేదు.

హుడ్‌ని తిరగేసి, వెలుతురులో భూతద్దం పెట్టి చూశాను. లోపలి అంచున మూడు చెవులున్నాయి. అవి లెన్స్ అంచున ఉన్న ఖాళీల్లోంచి దూరి, తిప్పినప్పుడు గాడిలో జారతాయి. ఒక చెవి పక్కన చిన్న బొడిపె, గోటితో తడిమితే గానీ తెలియనంత. లెన్స్ మీద దానికి ఎదురుగా చిన్న గట్టు, గట్టు దాటాక ఒక నొక్కు. హుడ్ తిప్పుతుంటే బొడిపె గట్టెక్కుతుంది. ఎక్కాలంటే చోటు కావాలి కాబట్టి హుడ్ గోడని బయటికి నెడుతుంది. అంతవరకూ గుండ్రంగా ఉన్న హుడ్ ఆ క్షణంలో కంటికి ఆననంతగా కోలగా సాగుతుంది. గట్టు దాటగానే బొడిపె నొక్కులో పడుతుంది, గోడ మళ్ళీ గుండ్రమవుతుంది. మనం వినే ‘టక్’ హుడ్ తన ఆకారానికి తాను తిరిగొచ్చిన చప్పుడు.

చాలామంది ఆ బొడిపెని గడియ అనుకుంటారు. గడియైతే దాన్ని తియ్యకుండా తలుపు రాదు. హుడ్ మాత్రం వట్టి చేత్తో తిప్పితే వచ్చేస్తుంది, వచ్చేయాలి కూడా. ఇక్కడ నడిచేదంతా బేరం: ఇంత బలం పెడితే వదులుతాను, అంతకు తక్కువైతే వదలను.

ఆ బేరాన్ని తేల్చేవి రెండు. హుడ్ గోడ బొడిపెని ఎంత బలంతో లోపలికి నొక్కుతోంది అన్నది మొదటిది. బొడిపె పక్కల వాలు రెండోది. చూడగానే ఎత్తే ముఖ్యమనిపిస్తుంది గానీ అసలు మహిమ వాలుది. లెక్క ఇలా ఉంటుంది: ఘర్షణ గుణకాన్నీ వాలు కోణపు టాంజెంట్‌నీ కూడండి. ఆ రెంటినే గుణించి, వచ్చినదాన్ని 1లోంచి తీసేయండి. కూడగా వచ్చినదాన్ని ఇలా తీసేయగా మిగిలినదానితో భాగించండి. ఆ వచ్చిన సంఖ్యతో గోడ నొక్కే బలాన్ని హెచ్చవేస్తే, బొడిపెని గట్టు దాటించడానికి కావలసిన బలం తేలుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. వాలు 30 డిగ్రీలైతే ఆ సంఖ్య 1.06. 45 డిగ్రీలకి 1.86. 60 డిగ్రీలకి 4.2! 73 డిగ్రీల దగ్గర కింది సంఖ్య సున్నా అయిపోతుంది; ఇక ఎంత బలం పెట్టినా బొడిపె దాటదు, విరగాల్సిందే. అప్పుడది నిజంగానే గడియ. కోణం 30 నుంచి 60కి రెట్టింపైతే పట్టు నాలుగు రెట్లు పెరిగింది. అందుకే బాగా ఆలోచించి చేసిన హుడ్‌లో బొడిపెకి ఎక్కే వైపు మెల్లని వాలు, దిగే వైపు నిటారు వాలు ఉంటాయి. బిగించడం తేలిక, ఊడడం కష్టం.

మా వాడి బొడిపెలో ఎక్కే వైపు ఇంకా కొత్తదానిలా మసకగానే ఉంది. దిగే వైపు మాత్రం అద్దంలా మెరుస్తోంది, అంచు గుండ్రబడింది. ఎత్తు పెద్దగా తగ్గలేదు. కానీ 60 ఉన్న వాలు అరిగి 30కి వచ్చిందనుకోండి, పట్టు నాలుగో వంతుకి పడిపోయినట్టే. నిటారుగా ఉన్న ముఖమే ఎక్కువ ఒత్తిడి మోస్తుంది కాబట్టి ముందు అరిగేదీ అదే. పైగా సంచిలో పెట్టేటప్పుడు హుడ్‌ని తిరగేసి తగిలిస్తాం. బయటికెళ్ళి ఒకసారి తీసి, ముందుకి తగిలించి, పనయ్యాక మళ్ళీ తీసి, మళ్ళీ తిరగేసి తగిలిస్తే బొడిపె నాలుగుసార్లు గట్టు దాటింది. గాడిలో ఇసుక రేణువులుంటే అవి ఆకురాయి పని చేస్తాయి. మెత్తటి బ్రష్షుతో గాడి దులపడం అన్నిటికంటే చవకైన వైద్యం, ఎవరూ చెయ్యరు.

బడిలో ఘర్షణ పాఠం అంటే వాలుబల్ల మీద చెక్కదిమ్మ. దిమ్మ జారుతుంది, గుణకం వస్తుంది, పిల్లలు రాసుకుంటారు, అంతటితో అయిపోతుంది. ఆ పాఠం చెప్పేవాళ్ళకి నాదొక విన్నపం. పెన్ను మూతో, డబ్బా మూతో, ఇలాంటి హుడ్డో తెచ్చి పిల్లల చేతికివ్వండి. ‘టక్’మన్నప్పుడు ఏం జరిగిందో వాళ్ళనే చెప్పమనండి. వాలుబల్ల వాళ్ళ వేళ్ళ మధ్యే ఉందని తెలిసిన క్షణంలో ఆ మొహాలు చూడాలి!

ఇక గోడ సంగతి. పలక వంగుడుకి ఇచ్చే ఎదురు దాని మందం ఘనంతో మారుతుంది. 2 మి.మీ. ఉండాల్సిన గోడని 1.6 మి.మీ. చేస్తే మిగిలే ప్లాస్టిక్ 80%, మిగిలే బిగువు మాత్రం 51%. అదీగాక అచ్చులో పోసిన ఏబీఎస్ ప్లాస్టిక్ చల్లారేటప్పుడు సుమారు 0.4 నుంచి 0.7% దాకా కుంచించుకుపోతుంది. 80 మి.మీ. వ్యాసానికి ఆ రెండు కొసల మధ్య తేడాయే దాదాపు పావు మిల్లీమీటరు. బొడిపె బతుకంతా అంతలోనే ఉంది. అసలు హుడ్‌ని కొలిచి నకలు చేసేవాళ్ళకి కొలతలు అంది ఉండొచ్చు, కుంచించుకునే లెక్క తప్పితే ఆ బేరం కుదరదు.

మొదటి రోజు చెయ్యి నొప్పి పుట్టిందన్నాడే, దాని మాట కూడా చెప్పాలి. ప్లాస్టిక్‌ని వంచి అలాగే ఉంచితే లోపలి పొడుగాటి అణుగొలుసులు మెల్లగా ఒకదాని మీద ఒకటి జారి సర్దుకుంటాయి. వంపు అలాగే ఉంటుంది, ఎదురు నెట్టే బలం మాత్రం రోజురోజుకీ తగ్గుతుంది. వేడి తగిలితే ఇంకా త్వరగా. నొక్కులో పడ్డాక బొడిపె ఊపిరి పీల్చుకోవాలి, గోడ మీద భారం దాదాపు ఉండకూడదు. గట్టు దాటే ఆ క్షణానికే వంగాలి. నకలులో అలా లేదు. బిగించి ఉన్నంతసేపూ గోడ వంగే ఉంది. మొదటి రోజు బిగుతు అనిపించిందే నాలుగు నెలల్లో వదులుగా తేలింది. అందుకే మరీ బిగుతుగా వచ్చిన కొత్త హుడ్‌ని నేను నమ్మను.

మధ్యాహ్నం లూజవడం? ప్లాస్టిక్ లోహం కంటే బాగా వ్యాకోచిస్తుంది. ఏబీఎస్‌కి డిగ్రీకి పది లక్షల్లో 90 పాళ్ళు అనుకుందాం, అల్యూమినియంకి 23. 80 మి.మీ. వ్యాసం, 30 డిగ్రీల వేడి తేడా. హుడ్ 0.22 మి.మీ. పెరిగితే లెన్స్ అంచు 0.055 మాత్రమే పెరిగింది. మధ్యలో 0.16 మి.మీ. ఖాళీ పుట్టింది. వాడి లెన్స్ అంచు అల్యూమినియమే. ఎండలో పెట్టిన పల్చటి నల్ల హుడ్ లెన్స్ కంటే ముందే కాగుతుంది కూడా. లెన్స్ అంచు కూడా ప్లాస్టిక్కే అయితే ఈ తేడా చాలా తగ్గిపోతుంది.

ఇంతవరకూ వదులవడం. ఎవరూ ముట్టుకోకుండా తనంతట తాను తిరగడం ఎలా? ఇక్కడే నాకు బాగా ఇష్టమైన విషయం ఉంది. లెన్స్ ముందు మరతో బిగించే ఫిల్టర్ ఒకటి ఊహించుకోండి. 67 మి.మీ. వ్యాసం, మరకీ మరకీ మధ్య 0.75 మి.మీ. ఆ మర వాలు కేవలం 0.2 డిగ్రీలు. 0.3 ఘర్షణ ఉంటే 16 డిగ్రీల వాలు మీద కూడా వస్తువు జారదు. అంటే మర తనంతట తాను విప్పుకోవడం అసాధ్యం అనాలి. కానీ యంత్రాల్లో బోల్టులు విప్పుకుంటాయి. ఎందుకో 1969లో గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు తేల్చాడు. ఘర్షణకి ఒక్క దిక్కే ఉంటుంది, జారే దిక్కుకి ఎదురు. బోల్టు అడ్డంగా అటూ ఇటూ జారుతున్నప్పుడు ఘర్షణ మొత్తం ఆ అడ్డపు జారుడుని ఆపడానికే ఖర్చయిపోతుంది. తిరగడాన్ని ఆపడానికి ఏమీ మిగలదు. వేలికి పట్టేసిన ఉంగరాన్ని లాగితే రాదు, తిప్పుతూ లాగితే వస్తుంది. గోడలో మేకుని అటూ ఇటూ ఆడించి పీకుతాం. అదే సంగతి.

మెళ్ళో కెమెరా ఊగుతుంటే అడుగడుక్కీ హుడ్ గాడిలో లటలటలాడుతుంది. ఆ క్షణాల్లో తిరగడానికి అడ్డుపడే ఘర్షణ సున్నాకి దగ్గరవుతుంది. మన లెక్కలో గుణకం స్థానంలో సున్నా వేయండి. మిగిలేది ఒట్టి వాలు టాంజెంట్. 60 డిగ్రీలకి 1.73, 30 డిగ్రీలకి 0.58. బొడిపె అరిగి, హుడ్ ఊగులాడుతున్నప్పుడు పట్టు 4.2 నుంచి 0.58కి, ఏడో వంతుకి దిగిపోయింది. మా వాడు “ఈ లెన్స్ నాకు అచ్చిరాలేదు” అని ఒకసారి అనేశాడు. వాడే కాదు, మంచి చదువున్నవాళ్ళు కూడా వస్తువుల గురించి ఇలాగే అనుకుంటారు. అచ్చిరానిది ఆ పదో వంతు మిల్లీమీటరు ఖాళీ.

ఊడిపడకపోయినా తిరగడమే నష్టం. అంచుని పూరేకుల్లా కోసిన హుడ్ అందానికి అనుకునేవాళ్ళున్నారు. బొమ్మ దీర్ఘచతురస్రపు చట్రం కాబట్టి చూపు నాలుగు మూలలకే అన్నిటికంటే దూరం సాగుతుంది. అక్కడ హుడ్‌ని లోతుగా కోసి, పైనా కిందా పొడుగు రేకులు ఉంచుతారు. అది కాస్త తిరిగితే పొడుగు రేకు మూలలోకి వస్తుంది, ఫొటోలో మూల నల్లబడుతుంది.

మరి ఏం చేశాం? ముందు ఖాళీ ఎంతో చూశాం. మామూలు జెరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. సన్నగా కత్తిరించి హుడ్‌కీ లెన్స్‌కీ మధ్య దూర్చితే ఒక పొర వెళ్ళింది, రెండు వెళ్ళలేదు. ఇన్సులేషన్ టేపు మందం 0.13 నుంచి 0.18 మి.మీ. దాకా ఉంటుంది. సరిగ్గా సరిపోయింది. ఎక్కడ అతికించాలి అన్నదే కీలకం. అందరి చెయ్యీ బొడిపె మీదికే పోతుంది. అక్కడ పెడితే గట్టు అంచు నాలుగు రోజుల్లో దాన్ని చీరేస్తుంది. బొడిపెకి సరిగ్గా ఎదురుగా, అవతలి గోడకి లోపలివైపు అతికించాం. అవతల గోడ లెన్స్ నుంచి దూరం జరిగితే హుడ్ మొత్తం అటు లాగబడుతుంది, ఇవతల బొడిపె నొక్కులోకి అంత లోతుగా దిగుతుంది. హుడ్‌కి ఎదురెదురుగా రెండు బొడిపెలుంటే ఈ ఉపాయం పారదు. అప్పుడు మూడు ముక్కలు సమాన దూరాల్లో పెట్టాలి. టేపు హుడ్‌కే అతికించాలి, లెన్స్‌కి కాదు. వేడికి దాని జిగురు కారుతుంది.

టెఫ్లాన్ టేపు పల్చగా ఉంటుంది కదా అని వాడాలనిపిస్తుంది. ఖాళీ నిండుతుంది గానీ దాని ఘర్షణ గుణకం 0.1 కంటే తక్కువే. ఊగులాట పోతుంది, తిరగడం పోదు. నెయిల్ పాలిష్ చుక్క పెడితే బొడిపె పెరుగుతుందని కొందరంటారు. అందులోని ఇథైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలు ఏబీఎస్‌ని మెత్తబరుస్తాయి. హుడ్ విడిగా తీసి చుక్క మాత్రమే పెట్టి, పూర్తిగా ఆరాకే తగిలిస్తే ఫర్వాలేదు. సూపర్ గ్లూ మాత్రం లెన్స్ దరిదాపుల్లోకి తేవద్దు. ఆరేటప్పుడు వచ్చే దాని ఆవిరి దగ్గరున్న నున్నటి తలాల మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. నేరస్థలాల్లో దొరికిన వస్తువుల మీద వేలిముద్రలు పైకి తేల్చడానికి వాడేది ఆ ఆవిరినే. మీ లెన్స్ అద్దం మీద మీ వేలిముద్రలు శాశ్వతంగా అచ్చేసుకున్నట్టవుతుంది.

రోజంతా పరుగులు పెట్టే పని ఉంటే హుడ్‌కీ లెన్స్‌కీ కలిపి బయటి నుంచి గాఫర్ టేపు (షూటింగుల్లో వాడే గుడ్డ టేపు) చిన్న ముక్క వేయొచ్చు. టేపుని దాని తలం వెంట జారేలా లాగితే చాలా గట్టిగా పట్టుకుంటుంది, కొస పట్టుకుని లేపితే తేలిగ్గా వస్తుంది. హుడ్ తిరగడం మొదటి రకం లాగుడు, మన వేళ్ళు రెండో రకం. కొసని కొంచెం మడిచిపెట్టుకుంటే చాలు.

టేపు వేశాక పాత ‘టక్’ పూర్తిగా రాలేదు, మెత్తని ‘టప్’ వచ్చింది. హుడ్ మీదా లెన్స్ మీదా కలిసేలా తెల్ల పెన్సిల్‌తో సన్నని గీత ఒకటి గీసి, కెమెరా మెళ్ళో వేసుకుని ఎండలో తిరిగి రమ్మన్నాను. రెండు గంటల తర్వాత భూతద్దం వాడే తీసుకుని చూశాడు. గీత రెండు ముక్కలూ ఇంకా ఒకదానికొకటి ఎదురుగానే ఉన్నాయి.