కామిక్ స్ట్రిప్ నుంచి మ్యూజికల్ దాకా: 'పొపాయ్' గురించి అపోహలు – వాస్తవాలు

సినిమాలకి స్టోరీబోర్డులు, అంటే తీయబోయే షాట్లని ముందే బొమ్మలుగా గీయడం నా వృత్తి. బొమ్మల కథ మీద సినిమా తీద్దామని ఎవరు పిలిచినా దాదాపు కింద రాసిన అపోహలే వినిపిస్తాయి. జవాబు చెప్పడానికి నేను ఎప్పుడూ తీసుకునే ఉదాహరణ రాబర్ట్ ఆల్ట్‌మన్ 1980లో తీసిన 'పొపాయ్'. అమెరికా పేపర్లలో రోజూ వచ్చిన, పొపాయ్ అనే నావికుడి కామిక్ స్ట్రిప్పుని (వరుస బొమ్మల కథని) పాటలున్న కామెడీగా, అంటే మ్యూజికల్‌గా మార్చిన సినిమా అది. నాకు చాలా ఇష్టం కూడా.

అపోహ: కామిక్ చేతిలో ఉందిగా, ఇంక స్టోరీబోర్డు ఎందుకు? ప్యానెల్స్ చూసి షాట్లు తీసేయడమే.

వాస్తవం: పేపర్ స్ట్రిప్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చేది మాటల బుడగలు. చదివేది ఎడమ నుంచి కుడికి కాబట్టి ముందు మాట్లాడేవాడు ఎడమవైపు ఉంటాడు. తర్వాతి ప్యానెల్‌లో రెండోవాడు ముందు మాట్లాడాలంటే ఇద్దరి చోట్లూ మారిపోతాయి. చదివేవాళ్లు అసలు పట్టించుకోరు. అదే సినిమాలో చేస్తే లైన్ క్రాస్ అయిపోతుంది, అంటే ఇద్దరి మధ్య ఉన్న ఊహారేఖని కెమెరా దాటేస్తుంది, ఎవరు ఎవరిని చూస్తున్నారో తెలియక కన్ను తికమకపడుతుంది. ఇద్దరు మనుషులు టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుకునే మామూలు స్ట్రిప్పుని కూడా షాట్లుగా విడగొట్టాలంటే అందుకే మొదటినుంచీ మళ్లీ గీయాల్సి వస్తుంది.

ఇంకో చిక్కు టైమింగ్‌తో. డైలీ స్ట్రిప్ నాలుగైదు ప్యానెల్స్‌లో అయిపోవాలి, చివర్లో నవ్వు రావాలి, నిన్న పేపరు చూడనివాళ్లకి కథ గుర్తుచేయాలి. నెల రోజుల స్ట్రిప్పుల్ని వరుసగా తెర మీద పెడితే కథ ప్రతి అర నిమిషానికీ ఆగి మళ్లీ బయల్దేరుతుంది. పైగా రెండు ప్యానెల్స్ మధ్య జరిగేదంతా పాఠకుడి ఊహకే వదిలేస్తారు. ఒక బొమ్మలో పిడికిలి పైకి లేస్తుంది, పక్క బొమ్మలో మనిషి గోడ అవతల పడి ఉంటాడు. సినిమాలో ఆ మధ్యలోదంతా ఒక మనిషి ఒళ్లు వంచి చేసి చూపించాలి. నేను గీసే కాగితాల్లో ఎక్కువ భాగం ఆ మధ్యలోదే.

ఆల్ట్‌మన్ దీన్ని పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ పాఠమే. ఈ స్ట్రిప్ సృష్టికర్త ఇ.సి. సీగర్ తన పాత్రల్ని ఎక్కువగా తల నుంచి పాదం దాకా, స్టేజీ మీద నిలబెట్టినట్టు గీసేవాడు. సినిమాలో కూడా చాలాచోట్ల కెమెరా దూరంగా ఉండి మనుషుల్ని నిలువెల్లా చూపిస్తుంది. కథ జరిగే ఊరి జనంలో సర్కస్ అనుభవం ఉన్నవాళ్లని పెట్టాడు. పొపాయ్ ప్రేయసి ఆలివ్‌కి పాత ప్రియుడైన హామ్ గ్రేవీగా వేసిన బిల్ అర్విన్ సర్కస్‌లో క్లౌన్‌గా చేసినవాడే. ఫ్రేములో వెనకాల నడిచిపోయేవాళ్లకి కూడా ఒక్కొక్కరికీ ఒక్కో నడక ఉంటుంది.

అపోహ: ఇది టీవీలో వచ్చే పొపాయ్ కార్టూన్‌కి మనుషులతో తీసిన కాపీ.

వాస్తవం: కార్టూన్ మొదలైంది 1933లో, ఫ్లైషర్ స్టూడియోలో. స్ట్రిప్ అంతకన్నా పాతది. 'థింబుల్ థియేటర్' పేరుతో 1919 డిసెంబరులో మొదలైంది. ఆలివ్ అప్పటినుంచే ఉంది. పొపాయ్ వచ్చింది 1929 జనవరి 17న, పడవ నడపడానికి కుదుర్చుకున్న ఒక నావికుడిగా. అంటే తొమ్మిదేళ్లు పొపాయ్ లేకుండానే ఆ స్ట్రిప్ నడిచింది!

నిర్మాత రాబర్ట్ ఎవాన్స్ అసలు కోరుకున్నది 'ఆనీ' అనే, కామిక్ స్ట్రిప్ నుంచే వచ్చిన మ్యూజికల్ హక్కులు. అవి కొలంబియా స్టూడియో చేతికి వెళ్లాక, పారామౌంట్ స్టూడియో దగ్గర ఏ కామిక్ పాత్ర హక్కులున్నాయని వెతికితే పొపాయ్ దొరికాడు. అలా మొదలైన సినిమా నిలబడిందంటే కారణం, స్క్రిప్టు రాసిన జూల్స్ ఫైఫర్ స్వయంగా కార్టూనిస్టు కావడం. ఆయన టీవీ కార్టూన్‌ని పక్కన పెట్టి సీగర్ స్ట్రిప్ దగ్గరికే వెళ్లాడు. అందుకే, కార్టూన్‌లో పాలకూర తిని బలం తెచ్చుకునే పొపాయ్‌కి ఈ సినిమాలో అదంటే అసహ్యం. చివర్లో విలన్ బ్లూటో బలవంతంగా నోట్లో కుక్కితేనే తింటాడు. స్ట్రిప్ తొలి రోజుల్లోనూ అతని బలానికి పాలకూరతో సంబంధం లేదు, ఒక మాయ కోడి తల నిమిరి బతికి బయటపడ్డాడు.

పాలకూరలో ఐరన్ లెక్కలో దశాంశ బిందువు తప్పు పడింది కాబట్టే పొపాయ్ చేత పాలకూర తినిపించారన్న కథ వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతోంది. దానికి ఆధారం లేదు. 1932 నాటి స్ట్రిప్‌లో పొపాయ్ చెప్పిన కారణం విటమిన్ ఎ.

అపోహ: మ్యూజికల్ అంటే పెద్ద గొంతులు ఉండాలి.

వాస్తవం: మన దగ్గర పాట ముందే రికార్డయిపోతుంది. సెట్లో దాన్ని వేసి, డాన్స్ మాస్టర్ లెక్కపెడుతుంటే నటులు పెదవులు కదుపుతారు. హాలీవుడ్ మ్యూజికల్స్‌లో కూడా ముందే రికార్డు చేయడమే మామూలు పద్ధతి. ఆల్ట్‌మన్ మాత్రం నటులతో సెట్లోనే లైవ్‌గా పాడించాడు. పాటలు రాసిన హ్యారీ నిల్సన్ సంగీత బృందంతో సహా షూటింగ్ జరిగిన మాల్టా ద్వీపానికే వెళ్లాడు.

షెల్లీ డువాల్ ఆలివ్‌గా పాడిన 'హీ నీడ్స్ మీ' వినండి. గొంతు సన్నం, అక్కడక్కడా శ్రుతి జారుతుంది, ఊపిరి వినిపిస్తుంది. పెద్ద పెద్ద బూట్లతో, సన్నటి కాళ్లతో రాత్రిపూట చెక్కల దారి మీద తడబడుతూ అడుగులేస్తుంటే ఆ గొంతు ఆ ఒంటిదే అనిపిస్తుంది. స్టూడియోలో శుభ్రంగా పాడిన గొంతు పెట్టి ఉంటే ఆ అమ్మాయి మన ముందు ఉండేది కాదు. 2002లో పాల్ థామస్ ఆండర్సన్ ఇదే పాటని తన 'పంచ్-డ్రంక్ లవ్'లో వాడుకున్నాడు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పొపాయ్‌గా వేసిన రాబిన్ విలియమ్స్ ఆ పాత్ర గొణుగుడుని ఎంత బాగా పట్టాడంటే మాటలు అర్థం కాక తర్వాత మళ్లీ డబ్బింగ్ చెప్పాల్సి వచ్చింది.

అపోహ: కామిక్ సినిమా సెట్ అంటే ముందు రంగులు, వెనక ఖాళీ.

వాస్తవం: ఆ ఊరిని మాల్టాలోని యాంకర్ బేలో నిజంగానే కట్టారు. 165 మంది, 7 నెలలు, 19 చెక్క ఇళ్లు. కలప నెదర్లాండ్స్ నుంచి, పైకప్పు పెంకు చెక్కలు కెనడా నుంచి వచ్చాయి. మేకులే 8 టన్నులు. అలల దెబ్బ తగలకుండా బే ముఖద్వారం దగ్గర 200 అడుగులకు పైగా అడ్డుకట్ట వేశారు. ఇప్పుడది పొపాయ్ విలేజ్ పేరుతో టూరిస్టు స్థలం. నటులు మెట్లెక్కి, తలుపు తీసి లోపలికి వెళ్లగలిగితే నా పని సగం తగ్గుతుంది, ఎందుకంటే వెనక ఖాళీ కనబడకుండా యాంగిల్ చూసుకోవాల్సిన అవసరం ఉండదు.

అపోహ: సినిమా ఫ్లాప్.

వాస్తవం: సుమారు 2 కోట్ల డాలర్ల ఖర్చు, అమెరికాలోనే దాదాపు 5 కోట్ల వసూళ్లు. కలిసి నిర్మించిన పారామౌంట్, డిస్నీ ఇంకా ఎక్కువ ఆశించాయి, రివ్యూలు మిశ్రమంగా వచ్చాయి, దాంతో ఫ్లాప్ ముద్ర పడింది. నా దృష్టిలో అసలు లోపం చివర్లో ఉంది. అంతసేపూ ఒళ్లుతో నవ్వించిన మనుషులు నీళ్లలోకి దిగేసరికి ఆ ఒళ్లు కనబడకుండా పోతాయి. పొపాయ్ అక్కడ పోరాడే రబ్బరు ఆక్టోపస్‌కి బరువు లేదు. ఆ పోరాటం ఒడ్డు మీద, ఆ చెక్క ఇళ్ల మధ్యే జరిగి ఉండాల్సింది.