లోపలి కరెంటు, జెల్ ఇంజెక్షన్: అపోహలు - వాస్తవాలు

"డాక్టరు గారూ, ఏదో జెల్ వచ్చిందంట కదా, ఒక్క సూదితో అయిపోతుందంట. అదొచ్చేదాకా ఆగుదామా?" గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కరెంటు (రేడియేషన్) పెట్టించుకునేవాళ్ల నుంచి గుంటూరులో మా ఓపీకి వచ్చే ఈ ప్రశ్న కూడా వాట్సాప్ పుణ్యమే.

ఆగొద్దు. జెల్ అబద్ధం కాదు. రేడియేషన్ ఇచ్చే ఇట్రియం-90 కలిపిన జెల్‌ను నేరుగా గడ్డలోకే ఎక్కిస్తారు. దాని బీటా కిరణాలు ఒంట్లో 11 మిల్లీమీటర్లకు మించి పోవు, 64 గంటలకు శక్తి సగమవుతుంది. అమెరికాలో కుక్కలు, పిల్లుల గడ్డలకు వాడుతున్నారు. మనుషుల్లో ఇంకా పరిశోధన దశే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు అది ఇవాళ్టి వైద్యం కాదు.

అసలు కొంప ముంచేది మరొకటి: "బయటి కరెంటు 25 సిట్టింగులు అయ్యాయి, రక్తం ఆగింది, ఇంక లోపలిది ఎందుకు?" రక్తం ఆగితే గడ్డ పోయినట్టు కాదు. బయటి నుంచి ఇచ్చేది సాధారణంగా 45 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత). గడ్డ చావాలంటే మొత్తం 80 దాటాలి. అంతా బయటి నుంచే ఇస్తే మూత్రాశయం, పేగు తట్టుకోలేవు. అందుకే బ్రాకీథెరపీ, అంటే గొట్టాలు పెట్టి గడ్డ దగ్గరే ఇచ్చే లోపలి కరెంటు. మొత్తం వైద్యం ఎనిమిది వారాల్లో ముగియాలి.

సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఫైలు నాకింకా గుర్తే. 25 గళ్లలోనూ టిక్కులు, కింద బ్రాకీ గడులు ఖాళీ. మిరపకోతలని వెళ్లి, మళ్లీ రక్తం కనపడ్డాకే వచ్చింది. కొడుకును కోప్పడబోయి ఊరుకున్నాను, అతనూ ఆ జెల్ వీడియో నమ్మినవాడే.

భయం మాత్రం నాకు అర్థమవుతుంది. గొట్టాలు పెట్టేటప్పుడు మత్తిస్తారమ్మా. బియ్యపు గింజకన్నా చిన్నదైన, రేడియేషన్ ఇచ్చే ఇరిడియం-192 ముక్క ఒక తీగ చివరన లోపలికెళ్లి, కొన్ని నిమిషాలుండి, తిరిగి మిషన్‌లోకి వచ్చేస్తుంది. ఒంట్లో ఏమీ మిగలదు. అదే సాయంత్రం మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. కొన్నాళ్లు ఎడం పాటించమనేది థైరాయిడ్‌కు అయోడిన్-131 తాగినవాళ్లకు. ఆ జాగ్రత్త తెచ్చి వీళ్లకు అంటగట్టి, కంచం గ్లాసూ వేరుపెట్టే కోడళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

జుట్టు? పొత్తికడుపుకిచ్చే రేడియేషన్‌తో తలవెంట్రుకలు రాలవు. ఇక ప్రోస్టేట్ క్యాన్సర్ వాళ్లకు పెట్టే జెల్ వేరు, దాంట్లో రేడియేషనే ఉండదు. పేగును కాస్త పక్కకు జరిపి, ఆర్నెల్లకు కరిగిపోతుంది.

బయటి కరెంటు నాలుగో వారంలో ఉన్నవాళ్లు ఒకసారి ఫైలు తీసి చూడండి. లోపలి కరెంటు తేదీ రాసి లేకపోతే, రేపే అడిగి రాయించుకోండి.