మాత్ర ఆపినా జెల్ ఆపకూడదు

మా మేనకోడలు భీమవరంలో ఇంటర్ చదువుతోంది. పోయిన వేసవిలో మొహమంతా చీము మొటిమలు. స్కిన్ డాక్టర్ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలూ, రాత్రిపూట రాసుకోవడానికి అడపలీన్ జెల్లూ ఇచ్చారు. పిల్ల మాత్రలు శ్రద్ధగా మింగింది. జెల్ మాత్రం "మండుతోంది మావయ్యా" అంటూ వారానికే పక్కన పడేసింది. రెండు నెలలకు మొహం తేటపడింది. మాత్రలు ఆపాక మళ్లీ మొదటికొచ్చింది. దాంతో మందుల షాపుకెళ్లి అవే మాత్రలు ఇంకో రెండు స్ట్రిప్పులు తెచ్చుకుంది.

రోమకూపానికి ఆనుకొని జిడ్డు గ్రంథి ఉంటుంది. ఈడొచ్చేసరికి హార్మోన్ల వల్ల జిడ్డు ఎక్కువ ఊరుతుంది. రాలిపోవాల్సిన మృతకణాలు ఆ జిడ్డులో కలిసి కూపం మూతిని పూడ్చేస్తాయి. లోపల చిక్కుకున్న జిడ్డును తింటూ క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. ఆపైన ఎరుపు, వాపు, చీము.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. బోదెలో తూడు పెరిగి పూడిక పేరుకుంటే నీరు నిలిచిపోతుంది, దోమలు ముసురుతాయి. మాత్ర దోమల మందు. అడపలీన్, ట్రెటినాయిన్ లాంటి రెటినాయిడ్లు విటమిన్ ఎ కుటుంబానివి. అవి పూడిక తీస్తాయి. పూడికతీతకు రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా దోమలు కుడుతుంటే పనెవరు చేస్తారు? అందుకే రెండూ కలిపి ఇస్తారు. డాక్సీసైక్లిన్ బాక్టీరియాను అణచడమే కాదు, వాపునూ తగ్గిస్తుంది.

పైకి కనిపించే మొటిమకు ముందే, కంటికి ఆనని పూడికలు చర్మం నిండా ఉంటాయి. కాబట్టి జెల్‌ను మొటిమ మీద చుక్కలా పెడితే లాభం లేదు. బఠాణీ గింజంత తీసుకుని, మొటిమలొచ్చే చోటంతా పలచగా రాయాలి. మొదటి వారాల్లో మండుతుంది, పొట్టు లేస్తుంది. అప్పుడు రోజు విడిచి రోజు రాసి, పైన మాయిశ్చరైజర్ పూస్తే సర్దుకుంటుంది. మా పిల్లకి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

డాక్సీసైక్లిన్‌కీ భీమవరానికీ చుట్టరికం ఉంది. అది టెట్రాసైక్లిన్ల కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. అమెరికాలోని మిస్సోరీ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసినవారు బెంజమిన్ డగ్గర్. ఆ పని జరిగిన లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనలకు పెద్ద, 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

అలాంటి మందును మనం అలుసుగా వాడేస్తున్నాం. యాంటీబయాటిక్ ఒక్కటే నెలల తరబడి వాడితే మందుకు లొంగని బాక్టీరియా మిగులుతుంది, మొహం మీదే కాదు, గొంతులో, పేగుల్లో కూడా. రొయ్యల చెరువులున్నవాళ్లను అడగండి: యాంటీబయాటిక్ అవశేషాలు కనపడితే విదేశాల్లో సరుకు తిప్పి కొడతారు. రొయ్యకున్న తనిఖీ మన మొహానికి లేదు! అందుకే మొటిమలకు ఈ మాత్రల్ని సాధారణంగా 3, 4 నెలలు దాటనివ్వరు. తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా రాయిస్తారు, దానికి బాక్టీరియా అలవాటు పడదు. మాత్రలు ఆపాక కూడా రెటినాయిడ్ కొనసాగాలి. మా పిల్ల సరిగ్గా తలకిందులుగా చేసింది.

డాక్సీసైక్లిన్ గ్లాసుడు నీళ్లతో మింగాలి, వెంటనే పడుకుంటే గొంతు కింద అన్నవాహికలో పుండు పడొచ్చు. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. మన ఎండల్లో సన్‌స్క్రీన్ తప్పదు. గర్భిణులకు ఈ మాత్రా వద్దు, ఈ జెల్లూ వద్దు.

మేనకోడలు మళ్లీ డాక్టర్ దగ్గరికెళ్లింది. మాత్రలు ఆగి మూడు నెలలైంది, జెల్ సాగుతోంది, మొహం బాగానే ఉంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలి దిండు గలీబులన్నీ రంగు వెలిసిపోయాయని మా అక్క మాత్రం రోజూ గోల.