రెండో కారుగా పాత హ్యాచ్‌బ్యాక్: అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా కార్లు విప్పి బిగిస్తున్నాను. ఆదివారం పొద్దున్నే ఫోను మోగిందంటే చాలాసార్లు ఇదే మాట: "అన్నా, ఇంట్లో ఒక కారు ఉంది. మా ఆవిడ పిల్లల్ని స్కూల్లో దింపడానికి, బజారుకి వెళ్లడానికి పాత ఆల్టోనో ఐ10నో చూస్తున్నాం. తీసుకోవచ్చా?" తీసుకోవచ్చు. కానీ అప్పటికే వాళ్లూ వీళ్లూ చెప్పిన మాటలు కొన్ని మనసులో నాటుకుపోయి ఉంటాయి. వాటితోనే బండి దగ్గరికి వెళ్తే, చూడాల్సింది కళ్లెదుటే ఉన్నా కనబడదు.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి మంచిది.

మీటరు వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు, డిజిటల్ మీటరైనా అంతే. నేను మీటరు ఆఖర్న చూస్తాను. ముందు క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు చూస్తాను, తర్వాత డ్రైవర్ సీటు అంచు, గేర్ నాబ్. ముప్పై వేలే తిరిగిందన్న బండికి పెడల్ రబ్బరు గీతలు అరిగి నున్నగా ఉంటే ఇంకేం అడగక్కర్లేదు. పాత సర్వీసు బిల్లుల మీద కిలోమీటర్లు రాసి ఉంటాయి, వరసగా పెరిగాయో లేదో చూసుకోండి.

నిజంగానే తక్కువ తిరిగిందే అనుకుందాం. ఏళ్ల తరబడి అపార్ట్‌మెంట్ కింద నిలబడిపోయిన కారు నా దగ్గరికి ఎక్కువ ఖర్చుతో వస్తుంది. ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. టైర్ల గాడి కొత్తదానిలా ఉంటుంది, రబ్బరు మాత్రం రాయి. టైరు పక్కన డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి. 2316 అంటే 2016లో 23వ వారం తయారైందని. అలాంటి టైరుతో వానలో బ్రేకు వేస్తే బండి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

అపోహ: ఇంజన్ మెత్తగా ఉంది, లోపల శుభ్రంగా ఉంది, ఇంకేం కావాలి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో ఈ ఊరికి తెలుసు. ఆ బండ్లన్నీ తుక్కు కిందకి పోలేదు. కొన్ని కడిగించుకుని, కొత్త సీటు కవర్లు వేసుకుని మళ్లీ అమ్మకానికి వచ్చాయి.

ఒక యువ జంట ఒక వ్యాపారి దగ్గర చూసిన 2013 బండిని నాకు చూపించడానికి తెచ్చారు. లోపల సెంటు వాసన. ఇంజన్ స్టార్టయితే చప్పుడు కూడా లేదు. నేను ముందు సీటు బెల్టు పట్టుకుని ఆఖరుదాకా లాగాను. రీలు దగ్గరి జానెడు పట్టీ మీద మట్టిరంగు చార అడ్డంగా కనబడింది. కార్పెట్ మూల ఎత్తితే సీటు పట్టాల బోల్టుల చుట్టూ ఆరిపోయిన ఒండ్రు. పైపైన కడిగేవాడు అక్కడిదాకా వెళ్లడు. నీళ్లు వైరింగ్ కప్లర్లలో, అంటే వైర్లు కలిసే ప్లగ్గుల్లో చేరితే ఆ రోజే తెలియదు. నెలల తర్వాత పచ్చగా చిలుం పడుతుంది. ఒక రోజు సెంట్రల్ లాక్ పోతుంది, ఇంకో రోజు సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంది. ఆ అమ్మాయి చంకలో ఏడాది పాప ఉంది. వద్దని గట్టిగానే చెప్పాను, వాళ్లూ విన్నారు.

అపోహ: పదిహేనేళ్లు దాటితే బండి తుక్కే.

అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి మొదట పెట్టిన నిబంధన: డీజిల్‌కు పదేళ్లు, పెట్రోలుకు పదిహేను. మన దగ్గర పదిహేనేళ్లకు ఫిట్‌నెస్ చేయించి ఆర్‌సీ ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 5,000 రూపాయలైంది, గ్రీన్ ట్యాక్స్ వేరే. పద్నాలుగేళ్ల బండి బేరమాడేటప్పుడు ఇదీ లెక్కలో వేయండి. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చిన బండైతే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవక మిగలదు.

అపోహ: ఊళ్లో తిరిగే బండికి ఎయిర్‌బ్యాగులెందుకు?

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ఇంట్లో పెద్ద కారుకు అన్నీ ఉంటాయి, భార్యాపిల్లలు ఎక్కే రెండో కారుకు మాత్రం ఏమీ అక్కర్లేదా? గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ అన్ని కార్లకూ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందరి చాలా బేస్ మోడళ్లలో రెండూ ఉండవు. 2016 బేస్ మోడల్ కంటే, ఈ రెండూ ఉన్న 2014 టాప్ మోడల్ తీసుకోమంటాను.

అపోహ: డీజిల్ అయితే మైలేజీ కలిసొస్తుంది.

రోజుకు పది కిలోమీటర్లు తిరిగే బండికి కలిసిరాదు. పాత డీజిల్‌లో ఇంజెక్టర్లు, పంపు పని ఒక్కసారి పడితే కొన్నేళ్ల ఆదా పోతుంది.

అపోహ: డబ్బులిచ్చేశాం, పేరు మార్పు మెల్లగా చూద్దాం.

అలా వదిలేస్తే అమ్మేవాళ్లకీ ప్రమాదమే. ఆర్‌సీలో పేరున్నవాడే చట్టం కంట్లో యజమాని, యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కొన్నవాళ్లకు థర్డ్ పార్టీ కవర్, అంటే ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, బండితోపాటే వస్తుంది. మీ బండి డ్యామేజీకి క్లెయిమ్ రావాలంటే మాత్రం పద్నాలుగు రోజుల్లో పాలసీ మీ పేరుకు మార్చమని అడగాలి. పేరు మార్పుకిచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకునే డబ్బు పూర్తిగా ఇవ్వండి. లోను బండైతే, లోను తీరిందని బ్యాంకు సంతకంతో ఫారం 35 కూడా.

కొన్న ధర మీద ఐదో వంతు పక్కన పెట్టుకోండి. టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు, పెట్రోలు రబ్బరు పైపులు మొదటి ఏడాదే అడుగుతాయి. పాత శాంత్రో అయితే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి, చూపించకపోతే కొన్న వారంలోనే మార్చేయండి. అది తెగితే వాల్వులు వంగి ఇంజన్ హెడ్ దించాల్సి వస్తుంది.

చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందురోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే కాసిన్ని మంచినీళ్లు తాగి వచ్చేయండి, మర్నాడు చెప్పకుండా వెళ్లండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సైలెన్సర్ దగ్గర మీ వాళ్లొకరు నిలబడాలి. నీలం పొగ వస్తే ఇంజనాయిల్ మండుతున్నట్టే.